అమ్మోనియా నిల్ వస్తే సంతోషపడొద్దు: చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఈటీపీ కేస్ స్టడీ

చిత్తూరు చుట్టుపక్కల ఈటీపీలు, అంటే ఫ్యాక్టరీ మురికినీళ్ళు శుభ్రం చేసే ప్లాంట్లు, చూసుకునేవాళ్ళకి జూన్ నెల అంటే ఏందో చెప్పనక్కర్లేదు. రోడ్డు మీద తోతాపురి కాయల ట్రాక్టర్లు క్యూలో నిలబడి ఉంటాయి, ఫ్యాక్టరీ రేయింబవళ్ళు నడుస్తా ఉంటుంది, లోపల పండ్లు కడిగిన నీళ్ళు, ఫ్లోర్ కడిగిన నీళ్ళు, పైపులు కాస్టిక్‌తో కడిగిన నీళ్ళు అన్నీ కలిసి వెనక ఉండే ట్యాంకుల్లోకి వచ్చి పడతాయి. తొమ్మిది నెలలు ఎవురూ పట్టించుకోని ప్లాంటు మీద మూడు నెలల్లో మొత్తం లోడ్ పడుతుంది. నేను రాసేది బంగారుపాళ్యం వైపు ఉండే ఒక మీడియం సైజు యూనిట్ గురించి. పేరు అక్కర్లేదు, ఎందుకంటే ఇదే కథ ఆ రోడ్డు మీద ఇంకా చాలా చోట్ల నడుస్తా ఉంటుంది.

వాళ్ళ కంప్లైంట్ ఇది. ఏరేషన్ ట్యాంకులో బ్యాక్టీరియా ఉంది, గాలి బాగానే ఊదుతా ఉన్నారు, కానీ తేటనీళ్ళు వేరు చేసే క్లారిఫైయర్‌లో స్లడ్జ్ (బ్యాక్టీరియా బురద) అడుక్కి దిగడంలేదు, నీళ్ళతో పాటు అంచు మీద నుంచి పొర్లి బయటికి పోతా ఉంది. ట్యాంకు మీద తెల్లగా జిగట నురగ. నేను పోయి లీటరు సిలిండర్లో స్లడ్జ్ పట్టి అరగంట పెడితే 950 మిల్లీలీటర్ల దగ్గరే నిలబడింది, అంటే పైన తేటనీళ్ళు రెండు వేళ్ళ మందం కూడా లేవు. ఎంఎల్ఎస్ఎస్ (లీటరు ట్యాంకు నీళ్ళలో ఉండే స్లడ్జ్ బరువు) సుమారు 3,500 మిల్లీగ్రాములు ఉంది కాబట్టి ఎస్‌వీఐ (గ్రాము స్లడ్జ్ ఎన్ని మిల్లీలీటర్ల చోటు పట్టిందో) లెక్కేస్తే 270. వంద దగ్గర ఉంటే మంచి స్లడ్జ్ అంటాం, 150 దాటితే తేడా అని అర్థం, 270 అంటే ఇంక క్లారిఫైయర్ ఉన్నా లేనట్టే. అవుట్‌లెట్ సీఓడీ (నీళ్ళలో మిగిలిన మురికిని కాల్చడానికి కావాల్సిన ఆక్సిజన్ కొలత) లీటరుకి 250 మిల్లీగ్రాముల లోపల ఉండాల్సింది దానికి మూడింతలు పోతా ఉంది.

మేనేజర్ నా చేతికి ల్యాబ్ రిపోర్ట్ ఇచ్చి, సీఓడీ, సస్పెండెడ్ సాలిడ్స్ తప్ప మిగతా అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి చూడండి అన్నాడు. నిజమే, అమ్మోనియా నైట్రోజన్ నిల్, దానికి లిమిట్ 50. ఫాస్ఫేట్ నిల్, దానికి లిమిట్ 5. నైట్రేట్ కూడా నిల్. రిపోర్ట్ ఇచ్చిన ల్యాబ్ ఆ మూడింటి పక్కన లిమిట్ లోపల ఉన్నాయని రాసి ముద్రేసింది. పొల్యూషన్ బోర్డు కళ్ళతో చూస్తే అది మంచి రిపోర్టే. ట్యాంకులో ఉండే బ్యాక్టీరియా కళ్ళతో చూస్తే అది ఖాళీ కంచం. నాకు మొదటి అనుమానం ఆ నిల్‌ల దగ్గరే వచ్చింది, మైక్రోస్కోప్ తీయకముందే.

ఈ సీజన్ ఎట్ల మొదలైందని అడిగినాను, ఎందుకంటే స్లడ్జ్ కేసుల్లో సగం జవాబు అక్కడే ఉంటుంది. మే చివర్లో ఒక డెయిరీ ఈటీపీ నుంచి రెండు ట్యాంకర్ల స్లడ్జ్ తెచ్చి పోసినారు. మొదటి రెండు వారాలు అద్దంలాంటి నీళ్ళు వచ్చినాయంట. తర్వాత మెల్లగా చిక్కబడడం మొదలైంది. అప్పుడు ఎవరో చెప్తే పేడ పోసినారు, బాగవలేదు. పేడతో పాటు బెల్లం కలిపి పోసినారు, ఇంకా జాస్తి అయింది. చివరికి ఎవరో సప్లయర్ అమ్మే బ్యాక్టీరియా కల్చర్ పౌడర్ డబ్బాలు తెచ్చి పోసినారు, దాని బిల్లు చూస్తే నాకే కళ్ళు తిరిగినాయి. ఈటీపీ ఆపరేటర్ పిల్లోడు బీఎస్సీ చదివినోడు, వాడే నాకు ఇవన్నీ పూస గుచ్చినట్టు చెప్పినాడు, "బెల్లం పోసిన మరుసటి రోజు నురగ వాకిలి దాకా వచ్చింది సార్, మేనేజర్ సార్ బూట్లు తడిసిపోయినాయి" అని నవ్వుతా ఉన్నాడు.

బెల్లం ఆలోచన యాడనుంచి వచ్చిందో నాకు తెలుసు. మన జిల్లాలో ప్రకృతి సేద్యం చేసే రైతులు నిండా ఉన్నారు, పాలేకర్ చెప్పిన జీవామృతం అందరికీ నోటికి వచ్చు. 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీద మట్టి ఒక పిడికెడు. ఫ్యాక్టరీ వాళ్ళు ఇందులో నుంచి పేడ, బెల్లం రెండే తీసుకున్నారు, గోమూత్రం, పప్పు పిండి వదిలేసినారు. కానీ ఆ డ్రమ్ములో నైట్రోజన్ ఎక్కువ ఇచ్చేది ఆ రెండే. పప్పు పిండిలో ప్రొటీన్ ఐదో వంతుకి పైనే ఉంటుంది, ప్రొటీన్లో 16 శాతం నైట్రోజన్, అంటే 2 కిలోల పిండిలో 60 గ్రాములకి పైగా నైట్రోజన్ వస్తుంది. గోమూత్రంలో యూరియానే ఉంటుంది. బెల్లంలో ఉండేది దాదాపు మొత్తం చక్కెరే. మామిడి ఫ్యాక్టరీ నీళ్ళల్లో ముందే చక్కెర పొంగి పొర్లుతా ఉంటే మళ్ళీ దాని మీద చక్కెర పోసినారు.

ఇక్కడ అసలు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఇది అర్థమైతే మిగతాదంతా లెక్కే. బ్యాక్టీరియాకి తిండి అంటే మనం ఒకటే అనుకుంటాం, కానీ దానికి రెండు వేరు వేరు ఖాతాలు. ఒకటి ఎనర్జీ ఖాతా, రెండోది ఒళ్ళు కట్టుకునే సరుకు ఖాతా. ఇల్లు కట్టేవాడి దగ్గర కూలీకి డబ్బు మూటలున్నాయి, ఇటుకలు మాత్రం లేవు అనుకోండి, గోడ ఒక్క వరస కూడా లేవదు, అదే ఇక్కడ జరిగింది. మామిడి గుజ్జు నీళ్ళల్లో సుక్రోజ్, ఫ్రక్టోజ్, గ్లూకోజ్, సిట్రిక్ యాసిడ్ ఉంటాయి, వీటిని కాల్చి ఎనర్జీ తీసుకుంటుంది, అవే దాని కార్బన్ కూడా. ఆక్సిజన్ ఉంటే ఒక గ్లూకోజ్ నుంచి సుమారు 30 ఏటీపీ (కణం ఖర్చుపెట్టుకునే ఎనర్జీ నాణేలు) వస్తాయి, ఆక్సిజన్ లేకుండా పులియబెడితే రెండే. మనం బ్లోయర్‌కి వేలకి వేలు కరెంటు బిల్లు కట్టేది ఈ తేడా కోసమే.

కానీ కణం విడిపోయి రెండు కావాలంటే ప్రొటీన్ కావాలి, డీఎన్‌ఏ కావాలి, కణం పొర కావాలి. ప్రొటీన్‌కి నైట్రోజన్, డీఎన్‌ఏకి నైట్రోజన్ ఫాస్ఫరస్ రెండూ, పొరలకి ఫాస్ఫరస్, ఇంకా సల్ఫర్, పొటాషియం, మెగ్నీషియం, ఇనుము చిటికెడు చిటికెడు. ఎండిన బ్యాక్టీరియా ఒంట్లో నైట్రోజన్ సుమారు 12 శాతం, ఫాస్ఫరస్ 2 శాతం పైచిలుకు. వేస్ట్‌వాటర్ పుస్తకాల్లో కణానికి సీ5 హెచ్7 ఎన్ ఓ2 అని ఒక ఫార్ములా రాసి ఉంటుంది కదా, దాని అణుభారం 113, అందులో నైట్రోజన్ 14, భాగిస్తే వచ్చేదే ఆ 12 శాతం.

ఇంకో మాట, బ్యాక్టీరియాకి నోరు లేదు. మామిడి తొక్క ముక్క, పీచు, పెక్టిన్ ఏదీ లోపలికి పోదు, నీళ్ళలో కరిగిన చిన్న చిన్న అణువులే కణం పొరలో ఉండే రవాణా ప్రొటీన్ల గుండా పోతాయి. పెద్దవాటిని తినాలంటే ముందు బయటికి ఎంజైములు వదిలి ముక్కలు చేయాలి, పెక్టినేజ్ లాంటివి. ఆ ఎంజైములూ ప్రొటీన్లే, అంటే వాటికీ నైట్రోజనే కావాలి. సరుకు లేనప్పుడు ఎంజైమ్ తయారీ కూడా తగ్గుతుంది, పెక్టిన్ అట్లే మిగిలిపోతుంది, దాంతో నీళ్ళు ఇంకా చిక్కబడతాయి.

మరి చక్కెర లోపలికి వస్తా ఉంది, కణం విడిపోవడానికి లేదు, అప్పుడు ఆ చక్కెర ఏమవుతుంది? కొంత లోపలే పీహెచ్‌బీ అనే గుళికలుగా దాచుకుంటుంది, మిగతాది పాలీసాకరైడ్ జిగురుగా మార్చి కణం బయటికి తోసేస్తుంది. ఆ జిగురు తయారీకి నైట్రోజన్ అక్కర్లేదు, ఫాస్ఫరస్ పెద్దగా అక్కర్లేదు. జిగురు నీళ్ళు పట్టుకుని ఉబ్బుతుంది, దాని బరువు నీళ్ళ బరువుకి దాదాపు సమానం, అందుకే సిలిండర్లో దిగదు. వేళ్ళ మధ్య పెట్టి తీస్తే దారాలు దారాలుగా సాగుతుంది. దీన్నే విస్కస్ బల్కింగ్ అంటాం.

అనుమానం సరే, కళ్ళతో చూడాలి కదా. దీనికి ఖరీదైన టెస్ట్ అక్కర్లేదు, స్టేషనరీ షాపులో దొరికే నల్ల డ్రాయింగ్ ఇంక్ చాలు. స్లైడ్ మీద ఒక చుక్క స్లడ్జ్, పక్కనే ఒక చుక్క ఇంక్, రెండూ కలిపి కవర్ స్లిప్ వేసి 10ఎక్స్ లెన్సు కింద చూడాలి. ఇంకులో ఉండేది సన్నటి కార్బన్ రేణువులు. ఆరోగ్యంగా ఉండే ఫ్లాక్ (బ్యాక్టీరియా ముద్ద) అయితే ఆ రేణువులు సందుల్లో దూరి దాదాపు నడిమధ్య దాకా పోతాయి, ఫ్లాక్ మొత్తం నల్లగా కనపడుతుంది. జిగురు ఉంటే రేణువులు దూరలేవు. ఆ రోజు నేను చూసిన స్లైడులో నల్లటి నేపథ్యం మీద పెద్ద పెద్ద తెల్లటి మచ్చలు, ఒక్కో ఫ్లాక్‌లో సగానికి పైనే తెలుపు, ఆ తెలుపు మధ్యలో అక్కడక్కడా గుంపులుగా కణాలు. ఆపరేటర్ పిల్లోడిని పిలిచి చూపించినాను, కొంచెంసేపు చూసి "ఆ తెల్లగా ఉండేదంతా మనం పోసిన బెల్లమేనా సార్" అన్నాడు. దాదాపు అంతే అని చెప్పినాను.

అదే స్లడ్జ్‌ని ఇంకు లేకుండా పెద్ద లెన్సు కింద చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఫ్లాక్‌ల నుంచి పొడుగాటి దారాలు బయటికి పొడుచుకుని ఉన్నాయి, వాటి లోపల చిన్న చిన్న చుక్కలు మెరుస్తా ఉన్నాయి. అవి సల్ఫర్ గుళికలు. థియోథ్రిక్స్ అనే దారాల రకం బ్యాక్టీరియా, ఇవి రెండు సందర్భాల్లో పెరుగుతాయి: న్యూట్రియెంట్ కొరత ఉన్నప్పుడు, నీళ్ళలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నప్పుడు. మనకి రెండూ ఉన్నాయి. వచ్చిన నీళ్ళన్నీ ముందు కలిపి పట్టే ఈక్వలైజేషన్ ట్యాంకు అడుగున తొక్కల బురద పేరుకుని ఉంది, అక్కడ గాలి లేదు. ఆక్సిజన్ అయిపోతే సూక్ష్మజీవులు నైట్రేట్‌ని వాడతాయి, అదీ లేకపోతే సల్ఫేట్‌ని పట్టుకుంటాయి, బోరు నీళ్ళలో సల్ఫేట్ ఎంతోకొంత ఉండనే ఉంటుంది, దాన్ని సల్ఫైడ్‌గా మారుస్తాయి, ఆ కుళ్ళిన గుడ్ల వాసన అదే. ఆ సల్ఫైడ్ ఏరేషన్ ట్యాంకులోకి వస్తే థియోథ్రిక్స్‌కి పండగ, ఎందుకంటే అది సల్ఫైడ్‌ని ఆక్సిజన్‌తో కలిపి ఎనర్జీ తీసుకోగలదు, కార్బన్ కోసం పులిసిన నీళ్ళలో ఉండే ఎసిటిక్ యాసిడ్ లాంటివి తీసుకుంటుంది. చక్కెర తినకుండా ఇట్ల రసాయనాన్ని ఆక్సిడైజ్ చేసి బతికే జీవులున్నాయని 1887లో వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త బెగ్గియటోవా అనే బ్యాక్టీరియా మీద పని చేస్తా గుర్తించినాడు, ఇప్పటికీ గంధకం వాసన వచ్చే ఈటీపీకి పోయినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

దారాలు కొరతలో ఎందుకు గెలుస్తాయంటే వాటికి సైజుకి మించిన ఉపరితలం ఉంటుంది, చుట్టూ నీళ్ళలో అమ్మోనియా ఇంత లేశం ఉన్నా ముందు అవే లాక్కుంటాయి. ఫ్లాక్ లోపల జిగురులో ఇరుక్కున్న కణానికి అది చేరదు.

అప్పుడే ఆపరేటర్ ఒక మంచి ప్రశ్న అడిగినాడు. "సార్, గాల్లో 78 శాతం నైట్రోజనే కదా, మనం రాత్రింబగళ్ళు గాలే కదా ఊదుతా ఉండాం, అది చాలదా?" ఇది చాలామందికి వచ్చే అనుమానం. గాల్లో నైట్రోజన్ రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి, దాన్ని విడగొట్టే నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ కొన్ని రకాల బ్యాక్టీరియాకే ఉంది, పైగా ఒక్క నైట్రోజన్ అణువుని అమ్మోనియా చేయడానికి కనీసం 16 ఏటీపీ ఖర్చు. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఆ ఎంజైమ్‌కి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. మన వేరుశనగ వేర్ల బుడిపెల్లో రైజోబియం ఆ పని చేస్తుందంటే, అక్కడ మొక్క లెగ్‌హిమోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్‌తో ఆక్సిజన్‌ని అదుపులో పెడుతుంది కాబట్టి. బుడిపెని గోరుతో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపించేది అదే. గాలి ఊదే ట్యాంకులో ఆ సౌకర్యం లేదు, దాన్ని నమ్ముకుని ప్లాంటు నడపలేం.

సరే, మరి డెయిరీ స్లడ్జ్ మొదటి రెండు వారాలు ఎట్ల బాగా పనిచేసింది? పాల నీళ్ళలో కేసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, అంటే నైట్రోజన్ బోలెడు, ఫాస్ఫరస్ కూడా ఉంటుంది. ఆ బ్యాక్టీరియా ఒంట్లో అన్నీ నిండుగా పెట్టుకుని వచ్చింది, కొన్ని రకాలు ఫాస్ఫరస్‌ని పాలీఫాస్ఫేట్ గుళికలుగా దాచుకుని ఉంటాయి. చచ్చిన కణాల నుంచి కొంత అమ్మోనియా బయటికి వస్తుంది, దాన్ని బతికినవి వాడుకుంటాయి. ఆ నిల్వని పంచుకుంటా ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగినాయి, నిల్వ అయిపోయిన రోజు ఆగిపోయినాయి. అందుకే సీడ్ స్లడ్జ్ బాగుంది అని మొదటి రెండు వారాలు చూసి ఎవురూ సర్టిఫికెట్ ఇవ్వకూడదు, నా వరకైతే మూడో వారం రిపోర్టే రిపోర్టు.

లెక్కకి పోయేముందు ఒక చిన్న పరీక్ష పెట్టినాను, యూనిట్ వాళ్ళ చేత మందులు కొనిపించే ముందు నాకు రుజువు కావాలి. నాలుగు క్యాన్లు, అక్వేరియం షాపులో దొరికే చిన్న గాలి పంపులు. అన్నిట్లో అదే స్లడ్జ్, అదే ఇన్‌లెట్ నీళ్ళు, వడగట్టి కొలిస్తే సీఓడీ 1,200 దగ్గర మొదలైంది. మొదటి దాంట్లో ఏమీ వేయలేదు, రెండో దాంట్లో ఫాస్ఫరస్ మాత్రం, మూడో దాంట్లో యూరియా మాత్రం, నాలుగో దాంట్లో రెండూ. ఒక రోజు గాలి ఊదినాక, ఏమీ వేయనిది 500 పైనే నిలబడిపోయింది. ఫాస్ఫరస్ ఒక్కటే వేసింది కూడా అంతే, ఉలుకూ పలుకూ లేదు. యూరియా ఒక్కటే వేసింది 300కి దిగింది. రెండూ వేసింది 120 లోపలికి వచ్చేసింది. అన్నిటికంటే కొరతగా ఉన్న సరుకే పెరుగుదలని ఆపుతుందనే లీబిగ్ సూత్రం పుస్తకంలో చదవడం వేరు, నాలుగు క్యాన్లలో వరసగా కళ్ళ ముందు చూడడం వేరు. ముందు అడ్డం నిలబడింది నైట్రోజన్, దాన్ని తీసేస్తే తర్వాత అడ్డం వచ్చింది ఫాస్ఫరస్. కల్చర్ పౌడర్ ఎందుకు పని చేయలేదో కూడా ఇక్కడే తేలిపోయింది, ట్యాంకులో బ్యాక్టీరియా తక్కువై కాదు గదా సమస్య.

ఇప్పుడు లెక్క. రోజుకి 200 కిలోలీటర్ల నీళ్ళు, బీఓడీ (బ్యాక్టీరియా తినగల మురికికి కావాల్సిన ఆక్సిజన్ కొలత) లీటరుకి సుమారు 2,000 మిల్లీగ్రాములు, అంటే రోజుకి 400 కిలోల బీఓడీ ట్యాంకులోకి వస్తా ఉంది. అందులో కొంత ఎనర్జీ కోసం కాలిపోతుంది, మిగతాది కొత్త కణాలవుతుంది. కిలో బీఓడీకి 0.4 కిలోల కణాలు అనుకుంటే రోజుకి 160 కిలోల కొత్త బ్యాక్టీరియా. దాంట్లో 12 శాతం అంటే నైట్రోజన్ 20 కిలోలకి కొంచెం తక్కువ, ఫాస్ఫరస్ 4 కిలోల దగ్గర. మనం అందరం కంఠతా పట్టిన 100:5:1 (బీఓడీ:నైట్రోజన్:ఫాస్ఫరస్) రూల్‌తో వేసినా 400 కిలోలకి 20, 4 వస్తాయి, అంటే ఆ రూల్ ఆకాశం నుంచి ఊడిపడలేదు, కణం ఒంటి లెక్క నుంచి వచ్చిందే. నీళ్ళలో ముందే ఉన్నది టెస్ట్ చేయిస్తే నైట్రోజన్ లీటరుకి 25 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 3, అంటే రోజుకి 5 కిలోలు, 0.6 కిలోలు. మిగిలిన లోటు నైట్రోజన్ 15 కిలోలు, ఫాస్ఫరస్ 3.4 కిలోలు. యూరియాలో నైట్రోజన్ 46 శాతం కాబట్టి రోజుకి 33 కిలోల యూరియా. 85 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్‌లో ఫాస్ఫరస్ 27 శాతం, అంటే 12.6 కిలోలు, కొలిస్తే ఏడున్నర లీటర్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. స్టోర్ ఇంచార్జ్ వెంటనే, ఊర్లో మావాళ్ళ పాసుబుక్కు మీద పది బస్తాలు తెస్తాను అన్నాడు. వద్దని గట్టిగా చెప్పినాను. వ్యవసాయానికి ఇచ్చే సబ్సిడీ యూరియా, అదే ఆ వేప పూత యూరియా, ఫ్యాక్టరీలో వాడడం నేరం, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 కింద కేసవుతుంది, డీఏపీ కూడా అంతే. పరిశ్రమలకి టెక్నికల్ గ్రేడ్ యూరియా వేరే దొరుకుతుంది, రేటు ఎక్కువే, కానీ అదే కొనాలి. డీఏపీ బదులు ఫాస్ఫారిక్ యాసిడ్ రాసింది కూడా అందుకే.

యూరియా వేసిన వెంటనే బ్యాక్టీరియా తీసుకోదు, ముందు యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియాగా విడగొట్టాలి. ట్యాంకులో ఆ ఎంజైమ్ ఉండే బ్యాక్టీరియా నిండా ఉంటుంది, కొన్ని గంటల్లో అవుతుంది, పెద్ద సమస్య కాదు. పెద్ద సమస్య పోసే పద్ధతి. మొదట్లో షిఫ్ట్ మారేటప్పుడు రోజు మొత్తం యూరియా ఒకేసారి బకెట్లతో గుమ్మరించేవాళ్ళు. మధ్యాహ్నం కొలిస్తే అవుట్‌లెట్లో అమ్మోనియా 12, అర్ధరాత్రి కొలిస్తే మళ్ళీ నిల్. పాలీఫాస్ఫేట్ దాచుకున్నట్టు నైట్రోజన్‌ని దాచుకోవడం వీటిలో చాలావాటికి చేతకాదు, అప్పటికప్పుడు వచ్చే చక్కెరతో పాటే రావాలి. అందుకని రెండు 500 లీటర్ల ట్యాంకుల్లో విడివిడిగా కరిగించి, ఈక్వలైజేషన్ నుంచి ఏరేషన్‌కి పోయే లైన్లో డోసింగ్ పంపుతో 24 గంటలూ కొంచెం కొంచెం పోయేటట్టు పెట్టించినాం. ఫీడ్ పంపు ఆగితే డోసింగ్ పంపు కూడా ఆగేటట్టు కరెంటు కనెక్షన్ కలిపించినాను, లేకపోతే రాత్రి నీళ్ళు లేనప్పుడు ఉట్టి యూరియా పోతా ఉంటుంది.

దాంతో పాటు ఈక్వలైజేషన్ ట్యాంకు అడుగు బురద తీయించి, చిన్న గాలి పైపు వేయించి సల్ఫైడ్ ఆపినాం. కాస్టిక్ నీళ్ళు ఒక్కసారిగా వచ్చి పీహెచ్ పది దాటకుండా వేరే ట్యాంకులో పట్టి మెల్లగా వదిలే ఏర్పాటు చేసినారు. పండ్లు కడిగిన నీళ్ళ పీహెచ్ నాలుగు చిల్లర ఉంటుంది కాబట్టి రెండూ సరిగ్గా కలిస్తే సున్నం ఖర్చు కూడా తగ్గింది. స్లడ్జ్ వేస్టింగ్ పెంచినాం, ఎందుకంటే ముందే తయారైన జిగురు ఊరికే మాయం కాదు, దాన్ని బయటికి తీసేయాల్సిందే.

ఈ మధ్యలో పైనుంచి బ్లీచింగ్ పౌడర్ వేయమని ఒత్తిడి వచ్చింది, వేరే యూనిట్లో వేస్తే రెండు రోజుల్లో బాగైందంట. ఉట్టి దారాల వల్ల వచ్చే బల్కింగ్‌కి క్లోరిన్ లెక్క ప్రకారం వేస్తే పని చేస్తుంది, అది నిజమే. ఇక్కడ ముఖ్యమైంది జిగురు, క్లోరిన్‌కి జిగురు కరగదు, పైగా తిండి లేక నీరసించిన మంచి బ్యాక్టీరియా ముందు చస్తుంది. నేను ఒప్పుకోలేదు. మైక్రోన్యూట్రియెంట్ మిక్స్ అని ఇంకో సప్లయర్ వచ్చినాడు, దానికీ వద్దన్నాను. మనది గట్టి నీళ్ళు, కాల్షియం మెగ్నీషియం కొదవ లేదు, పొటాషియం మామిడిలోనే బాగా ఉంటుంది, నాలుగో క్యాన్ ఇవేమీ వేయకుండానే 120 లోపలికి వచ్చింది కదా. ఉట్టి మీథేన్ ప్లాంటు అయితే నికెల్, కోబాల్ట్ గురించి ఆలోచించేవాడిని, మీథేన్ చేసే ఆర్కియా అనే సూక్ష్మజీవులకి నికెల్ లేకుండా చివరి ఎంజైమ్ పనిచేయదు. ఇది గాలి ప్లాంటు.

ముందు నురగ పోయింది, వారం లోపే. సిలిండర్ మాత్రం మొండికేసింది, 900, 850 దగ్గర కొన్నాళ్ళు అట్లే ఉంది, మేనేజర్ ఫోన్ చేసి ఏమండీ ఇంకా ఎన్నాళ్ళు అని రోజూ అడిగేవాడు. స్లడ్జ్ వయసు (స్లడ్జ్ ట్యాంకులో ఉండే రోజులు) రెండు మూడు సార్లు తిరగాలి, పాతది పోయి కొత్తది నిండాలి, దాన్ని తొందరపెట్టలేం. తర్వాత ఒక్కసారిగా దిగడం మొదలై 400కి వచ్చింది, ఎంఎల్ఎస్ఎస్ 3,200, ఎస్‌వీఐ 125. ఇంక్ స్లైడులో తెల్ల మచ్చలు సన్నటి అంచులు మాత్రం మిగిలినాయి. సీఓడీ 200 లోపలికి వచ్చింది. గాలి కూడా తక్కువ పట్టింది, జిగురు ఉన్నప్పుడు ఆక్సిజన్ నీళ్ళలో సరిగ్గా కలవదు, రెండు బ్లోయర్లు నడిపినా డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) 1 దాటేది కాదు, ఇప్పుడు ఒకటిన్నర బ్లోయర్ లోడ్‌తో 2 వస్తా ఉంది.

డోస్ అప్పుడు తగ్గించినాను. 100:5:1 అనేది మొదలుపెట్టడానికి లెక్క, అది శాసనం కాదు. స్లడ్జ్ వయసు పెరిగితే చచ్చిన కణాల నైట్రోజన్ మళ్ళీ వాడకంలోకి వస్తుంది, కొత్త కణాలు తక్కువ పుడతాయి, అప్పుడు అంత అక్కర్లేదు. నేను చూసేది అవుట్‌లెట్: వడగట్టిన నీళ్ళలో అమ్మోనియా 1 నుంచి 2 మధ్య, ఫాస్ఫేట్ ఫాస్ఫరస్‌గా అర నుంచి ఒకటి మధ్య ఉంటే ట్యాంకులో ఎవురికీ కొరత లేనట్టు. సున్నా వస్తే పెంచు, 3 దాటితే తగ్గించు అని ఆపరేటర్‌కి గోడ మీద మార్కర్‌తో రాసి పెట్టినాం, టెస్ట్ కిట్ కూడా వాడి చేతికే ఇచ్చినాం, బయట ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగితే పుణ్యకాలం గడిచిపోతుంది. చివరికి యూరియా 24 కిలోల దగ్గర, యాసిడ్ ఆరు లీటర్ల దగ్గర నిలబడింది.

ఒకటి మాత్రం ఇంకా తేలలేదు. తొక్కలు, టెంకలు కుప్ప పోసే చోట వానకి ఊరే రసం రాత్రిళ్ళు కాలవ గుండా ఈటీపీలోకి వస్తా ఉంది, దాని సీఓడీ లెక్కే లేదు, వచ్చిన రోజు డోస్ చాలదు, తెల్లారి అమ్మోనియా సున్నా చూపిస్తుంది. కుప్ప కింద సిమెంట్ గచ్చు, వేరే గుంట కట్టమని రాసి ఇచ్చినాను, సీజన్ అయినాక చూద్దాం అన్నారు. సీజన్ అయినాక స్లడ్జ్ చావకుండా ఉండడానికి క్యాంటీన్, బాత్రూముల నీళ్ళు ఏరేషన్ ట్యాంకుకి మళ్ళించి రోజూ కొంచెంసేపు గాలి ఊదమని చెప్పినాను, ఆ నీళ్ళలో యూరియా ఉండనే ఉంటుంది కాబట్టి డోసింగ్ పంపు ఆపేయొచ్చు. జామ గుజ్జు మొదలుపెట్టే ముందు ఇన్‌లెట్ టెస్ట్ మళ్ళీ చేయించి కొత్త లెక్క వేయాలి, మామిడి డోస్ దానికి నడవదు.